ట్రాక్ డే పెడితే గిట్టుబాటు అవుతుందా? కంచిలి నుంచి ఒక లెక్క

ఈ ఎపిసోడ్ మా కంచిలి నుంచే. వెనకాల వినిపిస్తున్న లారీల చప్పుడు పదహారో నంబరు జాతీయ రహదారిది. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే రోడ్డు మా ఊరి పక్క నుంచే పోతుంది. పోయినసారి హైవే పందేల గురించి మాట్లాడాక చాలామంది నన్ను ఒకే మాట అడిగారు. "అన్నా, రోడ్డు మీద వద్దంటున్నావు, మరి మనమే ఒక ట్రాక్ డే పెట్టుకోవచ్చు కదా? టికెట్ పెడితే డబ్బులు కూడా మిగుల్తాయి కదా?"

పెట్టుకోవచ్చు. నేనూ నా ఇద్దరు ఫ్రెండ్సూ పెట్టబోయాం కూడా. అడ్వాన్సు కట్టాం, చేతులు కాల్చుకున్నాం. ఎక్కడ కాలిందో, ఎందుకు కాలిందో ఈ రోజు అంకెలతో సహా చెప్తాను. పక్కన ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి పెట్టుకోండి.

ముందు అసలు మాకు ఈ ఆలోచన ఎందుకొచ్చిందో చెప్పాలి. మా పిన్ని కొడుకు ఒకడు, వయసు 20. రాత్రి పదకొండు గంటలకి హైవే మీద ఫ్రెండ్‌తో పందెం వేసుకుని పడ్డాడు. తొడ ఎముకలో రాడ్డు వేశారు. విశాఖపట్నం ఆసుపత్రిలో మూడు వారాలు. పిన్ని వాళ్ల జీడితోట 2018 తిత్లీ తుఫానుకి సగం పోయింది. మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఆ తోట తాకట్టు పెట్టి బిల్లు కట్టారు. మూడు లక్షల ఎనభై వేలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

వాడు మంచం మీద ఉండగానే నాతో అన్నాడు, "అన్నియ్యా, ఒక్కసారి అసలు ట్రాక్ మీద నడపాలని ఉంది" అని. పక్కనున్న పిన్ని వింది. "ఏటి బాబూ, దానికీ డబ్బులు కట్టాలేటి?" అంది. అవును పిన్నీ, కట్టాలి. ఎంత కట్టాలి, అది ఎవరి జేబులోకి వెళ్తుంది అన్నదే ఈ రోజు విషయం.

ట్రాక్ డే అంటే రేసు కాదు

చాలామంది పొరబడేది ఇక్కడే. ట్రాక్ డేలో ఫస్టు సెకండు ఉండవు, కప్పులు ఉండవు. ఒక రేసింగ్ సర్క్యూట్‌ని ఒక రోజుకి అద్దెకి తీసుకుంటారు. మామూలు మనుషులు తమ సొంత బైకులు, కార్లు తెచ్చుకుని, ఫీజు కట్టి, ఆ ట్రాక్ మీద తిప్పుకుంటారు. ఎదురుగా వాహనం రాదు, ఆవు అడ్డం రాదు, డివైడర్ లేదు. పడితే తీసుకెళ్లడానికి అంబులెన్సు అక్కడే ఉంటుంది.

అందరినీ ఒకేసారి వదలరు. కొత్తవాళ్లు, కొంచెం అలవాటున్నవాళ్లు, బాగా వేగంగా వెళ్లేవాళ్లు అని మూడు గ్రూపులు చేస్తారు. గంటలో ఒక్కో గ్రూపుకి ఇరవై నిమిషాలు. మలుపుల దగ్గర జెండాలు పట్టుకుని మార్షల్స్ ఉంటారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ చెయ్యొద్దు అని. ఎర్ర జెండా అంటే సెషన్ ఆగిపోయింది, అందరూ నెమ్మదిగా లోపలికి వచ్చెయ్యాలని.

అదే పని రోడ్డు మీద చేస్తే నేరం. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో పందెం వేస్తే మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే జైలు ఏడాది దాకా, జరిమానా 10,000 దాకా పెరుగుతుంది. 2019 సవరణ తర్వాత ఈ అంకెలు. పద్దెనిమిది నిండని పిల్లాడు బండి నడిపి నేరం చేస్తే ఇంకో సెక్షన్ కింద తల్లిదండ్రులకో బండి ఓనరుకో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉంటుంది.

మనకి దగ్గరలో ట్రాక్ ఎక్కడుంది?

దక్షిణాదిలో పాత పేరున్నది మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉంది. 1990 లో మొదలైంది, పొడవు మూడున్నర కిలోమీటర్ల పైనే. నడిపేది మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్. అంతకు ముందు వాళ్లు రేసులు ఎక్కడ పెట్టేవారో తెలుసా? షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత విమానాల రన్‌వే మీద. ఇంగ్లాండ్‌లో సిల్వర్‌స్టోన్ కూడా అలాంటి యుద్ధకాలపు విమానాశ్రయమే. అంటే ఈ ఆట చాలాచోట్ల కొత్తగా రోడ్డు వేసి మొదలవ్వలేదు, ఖాళీగా పడున్న కాంక్రీటు మీద మొదలైంది. భూమి ఖర్చు, రోడ్డు ఖర్చు అప్పటికే ఎవరో పెట్టేశారు కాబట్టి సాధ్యమైంది.

షోలవరంలో పేరు తెచ్చుకున్నవాళ్లలో కోయంబత్తూరు కరివర్ధన్ ఒకరు. లక్ష్మీ మిల్స్ కుటుంబం, తెలుగు మూలాలున్న నాయుళ్లు. మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి అనే చిన్న రేసు కారు తయారు చేయించి, తక్కువ ఖర్చులో కుర్రాళ్లు రేసింగ్ నేర్చుకునే దారి వేశారు. 1995 లో చనిపోయారు. కోయంబత్తూరులో ఉన్న కరి మోటార్ స్పీడ్‌వేకి ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు మన సంగతి. కంచిలి నుంచి చెన్నై దాదాపు వెయ్యి కిలోమీటర్లు. హైదరాబాద్ ఎనిమిది వందల పైనే. బైకుని రైల్లో పార్సిల్ వెయ్యాలి, లేదా నలుగురు కలిసి చిన్న లారీ మాట్లాడుకోవాలి. అంటే ట్రాక్ ఫీజు కట్టకముందే ఖర్చు మొదలైపోతుంది.

ఆర్గనైజర్ ఖర్చు ఎక్కడ పోతుంది?

నేను చెప్పే అంకెలు ఏ సర్క్యూట్ రేటు కార్డూ కాదు. ట్రాకుని బట్టి, రోజుని బట్టి, సీజన్ని బట్టి అన్నీ మారిపోతాయి. లెక్క అర్థం కావడానికి గుండ్రంగా వేస్తున్నాను. మీకు వచ్చిన కొటేషన్లు ఇందులో పెట్టుకుంటే చాలు.

బైకుల ట్రాక్ డే అనుకుందాం. ట్రాక్ అద్దె 2,00,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 36,000. డాక్టరుతో సహా రెండు అంబులెన్సులు 30,000. పన్నెండు మంది మార్షల్స్, మనిషికి 1,500 చొప్పున 18,000. పడిన బైకుల్ని మోసుకొచ్చే బండి 10,000. ఈవెంట్ ఇన్సూరెన్స్ 25,000. టైమింగ్ పరికరాలు 15,000. మన టీమ్ ప్రయాణం, బస 20,000. వాకీటాకీలు, రిస్ట్ బ్యాండ్లు, బ్యానర్లు 6,000. కూడితే 3,60,000.

ఒక్క మనిషి వచ్చినా, వంద మంది వచ్చినా ఈ ఖర్చు మారదు. దీన్నే స్థిర ఖర్చు అంటారు. ఇక్కడ రెండు విషయాలు ఆగి చెప్పాలి.

ఒకటి, జీఎస్టీ. మన వ్యాపారం చిన్నది, ఏడాదికి 20 లక్షలు దాటదు కాబట్టి మనకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అనుకుంటాం. నిజమే. కానీ రిజిస్ట్రేషన్ లేకపోతే ట్రాక్ అద్దె మీద కట్టిన 36,000 వెనక్కి సర్దుకోవడానికి వీల్లేదు. అది పూర్తిగా మన ఖర్చే.

రెండు, అంబులెన్సు రెండెందుకు? ఒకటి గాయపడినవాణ్ని తీసుకుని ఆసుపత్రికి వెళ్లిందనుకోండి, అది తిరిగొచ్చేదాకా ట్రాక్ మీద ఒక్క బైకుని కూడా వదలకూడదు. రెండోది ఉంటేనే రోజు నడుస్తుంది. ఖర్చు తగ్గించుకుందాం అనగానే అందరి చూపూ ముందు దీని మీదే పడుతుంది. 108 ఉంది కదా అంటారు. 108 ఊరందరిదీ. మన సరదా కోసం దాన్ని గేటు దగ్గర కట్టెయ్యకూడదు.

గిట్టుబాటు అయ్యే చోటు

ఇప్పుడు మనిషికి ఫీజు 9,000 అనుకుందాం. భోజనం, నీళ్లు, ఫోటోలు, ఆన్‌లైన్ పేమెంట్ చార్జీలు కలిపి ఒక్కొక్కరి మీద మనకి 1,000 ఖర్చు. అంటే ఒక్కో రైడర్ దగ్గర చేతిలో మిగిలేది 8,000. స్థిర ఖర్చు 3,60,000 ని 8,000 తో భాగించండి. 45. అంటే నలభై ఐదో మనిషి డబ్బు కట్టేదాకా మనకి ఒక్క రూపాయి మిగలదు.

మరి ఎంతమందిని తీసుకోవచ్చు? ఒక్కో గ్రూపుకి పద్దెనిమిది బైకులు అని పెట్టుకున్నాం. మూడు గ్రూపులకి 54. అంతకు మించితే కొత్తవాళ్లు మలుపుల్లో ఒకరి మీద ఒకరు పడతారు. సో, హౌస్ ఫుల్ అయినా మనకి లాభం ఇచ్చేది చివరి తొమ్మిది మందే. తొమ్మిది ఎనిమిదులు డెబ్భై రెండు, 72,000. అది ముగ్గురు పార్ట్‌నర్లకి, మూడు నెలల పనికి. మనిషికి 24,000. నెలకి 8,000. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే మా ఫ్రెండు ఇది విని నవ్వాడు.

అది కూడా ఏదీ తేడా రాకపోతేనే. ఆరుగురు చివర్లో మానేసి డబ్బు వెనక్కి అడిగితే 48 మంది. లాభం 24,000 కి పడిపోతుంది. నలభై మందే వస్తే 40,000 మన జేబు నుంచి పోతుంది. వాన పడితే? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై వైపు ఈశాన్య రుతుపవనాల వానలు. తడి ట్రాక్ మీద సగం మంది దిగరు, కానీ అద్దె మాత్రం పూర్తిగా కట్టాలి.

ఇంకో లెక్క చూడండి. రోజుకి ఆరు గంటల ట్రాక్ టైమ్, ఒక్కో రైడర్‌కి ఆరు సెషన్లు, మొత్తం రెండు గంటలు. 9,000 ని 120 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 75 రూపాయలు. ఒకడు పడి, ఆయిలు కారి, ట్రాక్ శుభ్రం చెయ్యడానికి ఇరవై నిమిషాలు పట్టిందంటే ఒక గ్రూపు సెషన్ మొత్తం పోయినట్టే. పద్దెనిమిది మందికి 1,500 చొప్పున 27,000 రూపాయల విలువైన టైమ్ అది. అందుకే మంచి ఆర్గనైజర్ పొద్దున్నే బ్రీఫింగ్‌లో గంట సేపు చెప్తాడు, బైకు చైను, బ్రేకులు, టైర్లు చూస్తాడు. అది చాదస్తం కాదు, వాడి లాభం కూడా అక్కడే ఉంది.

మరి రైడర్ వైపు? మన మామూలు బైకు ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి. వ్యవస్థీకృత రేసింగ్‌కి, స్పీడ్ టెస్టింగ్‌కి వాడితే వర్తించదని రాసి ఉంటుంది. ట్రాక్ మీద బండి విరిగితే పాలసీ మీద ఆశ పెట్టుకోకూడదు. జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్ అని ఇరవై కిలోమీటర్ల పైచిలుకు ట్రాక్ ఉంది. అక్కడ మామూలు జనం ల్యాప్‌కి ఇంత అని కట్టి తిప్పుకోవచ్చు. కానీ పక్కనున్న ఇనప రెయిలింగు గుద్దితే దాని బిల్లు కూడా గుద్దినవాడే కట్టాలి. ఆర్గనైజర్ కూడా ఫారం మీద సంతకం పెట్టించుకుని చేతులు దులుపుకోలేడు. సంతకం ఉన్నా, మన నిర్లక్ష్యానికి మనమే బాధ్యులం.

మా అడ్వాన్సు ఎలా పోయింది

మేం వాట్సాప్ గ్రూపు పెట్టాం. ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం, విశాఖ, అటు బరంపురం నుంచి కూడా కుర్రాళ్లు చేరారు. "నేనొస్తా అన్నా" అన్నవాళ్లు డెబ్భై మంది. ఆ డెబ్భై చూసి ట్రాక్‌కి 50,000 అడ్వాన్సు కట్టేశాం. ఫీజు కట్టమన్న రోజు నుంచి గ్రూపు సైలెంట్. గడువు రోజుకి కట్టింది 26 మంది.

అప్పుడు వేరే ఊరి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "నా దగ్గర 45 మంది ఉన్నారు. మనిషికి 7,000 ఇప్పిస్తాను. గ్రూపులు గిట్రా వద్దు, అందరినీ కలిపి వదిలెయ్. అంబులెన్సు ఒకటి చాలు" అన్నాడు. లెక్క వేశాం. మా 26 మంది దగ్గర 2,08,000, ఆయన 45 మంది దగ్గర 2,70,000. మొత్తం 4,78,000. ఖర్చు పోను 1,18,000 లాభం. కానీ 54 పట్టే చోట 71 బైకులు, కొత్తవాళ్లూ వేగంగా వెళ్లేవాళ్లూ కలిసి.

నిజం చెప్తున్నాను, ఆ రాత్రి నేను సరే అనేద్దామనుకున్నాను. పోయిన డబ్బు కనబడుతోంది, రాబోయే ప్రమాదం కనబడదు. నా పార్ట్‌నర్ ఒకడు అడిగాడు, "ఆ కొత్తవాళ్లలో మీ తమ్ముడుంటే పంపిస్తావా?" అని. పంపించను. ఈవెంట్ రద్దు చేశాం. 26 మందికీ పేమెంట్ చార్జీలతో సహా పూర్తిగా వెనక్కి ఇచ్చాం. ఒప్పందంలో రాసుకున్నట్టే అడ్వాన్సు తిరిగి రాలేదు. తప్పు మాదే, ఫీజులు వసూలు కాకుండా కట్టాం.

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పాలనుకున్నది ఇదే. ట్రాక్ డేలో లాభం చివరి కొద్దిమంది దగ్గర ఉంటుంది. భద్రత కూడా సరిగ్గా ఆ చివరి కొద్దిమంది దగ్గరే పోతుంది. ఎవరైనా చవగ్గా ట్రాక్ డే అంటే, ఫీజు ఎంత అని అడిగే ముందు మూడు అడగండి. గ్రూపుకి ఎన్ని బైకులు? అంబులెన్సులు ఎన్ని? వాన పడితే డబ్బు సంగతేంటి? సూటిగా జవాబు రాకపోతే వెళ్లకండి.

పెద్దవాళ్లకైనా ఇదే కథ

హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో జరగాల్సింది జనవరిలోనే రద్దయింది. ప్రభుత్వం మారాక ఒప్పందం దగ్గర తేడా వచ్చింది. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ కట్టారు. ఫార్ములా వన్ 2011, 2012, 2013 మూడేళ్లే జరిగింది. టికెట్ డబ్బుతోనే నడిచే రేసులు తక్కువ. వెనకాల ప్రభుత్వమో, కంపెనీయో, స్పాన్సరో ఉండాలి. ట్రాక్ డేలు నడిపి నిలబడేవాళ్లు కూడా ఫీజు మీదే బతకరు. కోచింగ్, రైడింగ్ సూట్ల అద్దె, టైర్ల కంపెనీ స్టాల్, షోరూమ్ వాళ్ల టెస్ట్ రైడ్, వీటిమీద బతుకుతారు.

మరి కంచిలిలో ఏం చెయ్యొచ్చు?

వేగం లేని ట్రాక్ డే చెయ్యొచ్చు. ఖాళీ గ్రౌండ్‌లో కోన్లు పెట్టి బ్రేకింగ్, యూటర్న్, మలుపు తిప్పడం నేర్పడం. దీన్ని జింఖానా అంటారు. స్పీడు నలభై దాటదు. గ్రౌండు 5,000, అంబులెన్సు 6,000, ట్రైనర్ ప్రయాణం, బస 15,000, కోన్లు, టెంటు, నీళ్ల ట్యాంకరు 6,000, హెల్మెట్లు, ప్యాడ్లు అద్దె 4,000, ఫస్ట్ ఎయిడ్, మంటలార్పే సిలిండరు 2,000, ఇన్సూరెన్స్ వగైరా 7,000. మొత్తం 45,000. లైసెన్సు ఉన్నవాళ్లకే. పోలీసులకి ముందే చెప్పి, అనుమతి తీసుకుని.

ఒక్కో రన్‌కి రెండు నిమిషాలు. ఆరు గంటల్లో 180 రన్‌లు. మనిషికి ఐదు చొప్పున 36 మంది. ఫీజు 700, ఖర్చు 100 పోను 600 మిగిలితే వచ్చేది 21,600. ఇంకా 23,400 తక్కువ. అంటే ఇదీ లాభం కాదు.

కానీ సంక్రాంతికి మన ఊళ్లలో క్రికెట్ టోర్నమెంటు ఎలా జరుగుతుంది? ఎంట్రీ ఫీజుతో జరగదు కదా. ఫస్టు ప్రైజు ఒక దాత, సెకండు ప్రైజు ఇంకో దాత, భోజనాలు మరొకరు. ఊరికి కావాలి కాబట్టి ఊరు వేసుకుంటుంది. ఈ 23,400 కూడా అలా వెయ్యొచ్చు. ఒక బైకు షోరూమ్, ఒక టైర్ల షాపు, బయట ఉద్యోగాలు చేసుకుంటున్న మన ఊరి నలుగురు కలిస్తే సరిపోతుంది.

ఇప్పుడు మొదట్లో గుర్తుపెట్టుకోమన్న అంకె. మా పిన్ని కట్టిన బిల్లు 3,80,000. ఒక పెద్ద సర్క్యూట్‌ని ఒక రోజు మొత్తం నడిపే ఖర్చు కంటే ఇరవై వేలు ఎక్కువ. జింఖానాలో తక్కువ పడే డబ్బుతో పోలిస్తే పదహారు రెట్లు. మా తమ్ముడిది ఒక్క కాలు. పందెం ఒక్క రాత్రిది.

వాడు ఇప్పుడు నడుస్తున్నాడు, కొంచెం కుంటుతాడు. మొన్న గ్రౌండు చూడ్డానికి నాతో వచ్చి కోన్లు ఎక్కడ పెట్టాలో అడుగులతో కొలిచాడు. ఇద్దరు దాతలు ఒప్పుకున్నారు, ఇంకా 9,000 కావాలి. ఈసారి మొత్తం డబ్బు చేతికొచ్చాకే తేదీ చెప్తాను. అప్పటిదాకా హైవే మీద నెమ్మదిగా వెళ్లండి. ఉంటాను, నమస్తే.